చెవిలో గంగమ్మ

మొదట్లో అది వట్టి చెవే. గంగమ్మ అప్పటికింకా అందులోకి దిగలేదు.

రెండేళ్ల ఆశ్రితకు జలుబు చేసి కుడిచెవి కారితే, జేజి, అంటే నాన్నమ్మ లక్ష్మీదేవమ్మ, వెల్లుల్లి వేసి కాచిన శనగనూనె గోరువెచ్చగా రెండు చుక్కలు పోసింది. తగ్గింది. మళ్లీ కారింది, మళ్లీ పోసింది. పిల్లలన్నాక చెవి కారదా, పెద్దయితే అదే ఆగిపోతుంది అన్నారు ఇంటికొచ్చినవాళ్లందరూ. పిల్ల పెద్దదవుతూ వచ్చింది గానీ చెవి ఆగలేదు. ఎడమ చెవి కూడా దాని దారే పట్టింది. బళ్లో వేసేనాటికి ఆశ్రితను పిలవాలంటే పక్కకెళ్లి గట్టిగా అరవాల్సి వచ్చేది. నలుగురిలో ఉన్నప్పుడు కూతురు ఎదురొస్తే తండ్రి విష్ణువర్ధన్ మొహం పక్కకు తిప్పుకునేవాడు. చెవిటి మాలోకం అని ఆ పిల్లకు పేరు పెట్టింది ఊరు కాదు, ఆయనే. తల్లి జ్యోతిలక్ష్మి ఆ మాట మరిచిపోలేదు. తర్వాత అదే మనిషి కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని తిరుగుతుంటే చూసి ఆమెకు సంతోషం కలగలేదు, కడుపు మండింది.

గార్లదిన్నెకు దగ్గర్లోని ఆ పల్లెలో విష్ణువర్ధన్‌కు ఒక చీని తోట, అంటే బత్తాయి తోట ఉంది. చీనికి ఐదారేళ్లు చాకిరీ చేస్తే గానీ కాపు రాదు. ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే మాత్రం చెట్టు కట్టెల మోపు కింద లెక్క. ఆశ్రిత మూడో తరగతిలో ఉండగా తోటలో పాత బోరు ఎండిపోయింది. కొత్తది వేస్తే తెల్ల దుమ్ము లేచింది, ఇంకోటి వేస్తే అదీ దుమ్మే. పాయింటు పెట్టేవాళ్లు, అంటే బోరు ఎక్కడ వేయాలో చూపించేవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒకాయన అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని తిరిగాడు, ఇంకొకాయన వేపపుల్ల పట్టుకుని తిరిగాడు. ఇద్దరూ కడుపునిండా తిని పోయారు.

ఆ ఏడు ఉగాదినాడు పిల్లకు తలకు పోసి, కొత్త గౌను తొడిగి, జేజి తనతో తోటకు తీసుకుపోయింది. చెట్ల మధ్య నిలబడి ఉండగా పిల్ల కుడిచెవిలో నుంచి నీళ్లలాంటిది కారి మెడ మీదికి జారింది. గౌను తడిసింది. లక్ష్మీదేవమ్మ వేలితో తుడిచి చూసింది, తల పైకెత్తి కొడుకుని కేకేసింది.

"ఒరే విష్ణూ! ఈడ నిలబడితే బిడ్డ చెవిలో నుంచి నీళ్లు కారతాండాయిరా! ముండమోపి, ఆ టెంకాయలోడు, పుల్లలోడు యాల మనకు? గంగమ్మ మనింట్లోనే ఉండాది!"

ఏం చేయాలో తోచని మనిషి ఏదైనా చేస్తాడు. విష్ణువర్ధన్ అక్కడే బోరు బండి నిలబెట్టించాడు. రెండించుల నీళ్లు పడ్డాయి.

ఇంకేముంది, ఊళ్లు కదిలి వచ్చాయి. ముందు చుట్టుపక్కల పల్లెల వాళ్లు, తర్వాత కళ్యాణదుర్గం వైపు నుంచి జీపులు, ఆటోలు. దానికొక పద్ధతి కూడా తయారైంది. పద్ధతి పెట్టింది జేజి. గంగమ్మ పని కాబట్టి మడి ఉండాలి. ముందురోజు సాయంత్రం ఒకసారి, తెల్లవారి ఒకసారి పిల్లకు చెంబులు చెంబులుగా తలకు పోయాలి. పాదాలకు పసుపు రాసి, తడి వెంట్రుకలు విరబోసి, చెప్పుల్లేకుండా చేలోకి దించాలి. జేజి పిల్ల చెవి శుభ్రంగా తుడిచి వదులుతుంది. పిల్ల నడుస్తుంది, చేను ఆసామి వెనకాలే నడుస్తాడు. చెవి కారిన చోట టెంకాయ కొడతారు. పాయింటు అదే.

కొన్నిచోట్ల నీళ్లు పడ్డాయి. చాలాచోట్ల పడలేదు. పడితే పాప మహిమ, పడకపోతే ఆసామి గాచారం. ఇంత సుఖమైన లెక్క ఇంకోటి ఉండదు. విష్ణువర్ధన్ ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు, ముడితే గంగమ్మ పోతుందని భయం. ఆయనకు అంతకంటే పెద్దదే దొరికింది. ఒకప్పుడు ఆయన నమస్కారం పెడితే తల కూడా ఆడించని పెద్ద పెద్ద ఆసాములు ఇప్పుడు "అన్నా, పాప ఎట్లుండాది?" అని గడపలో నిలబడి అడుగుతున్నారు. చెవిటి మాలోకం కాస్తా 'మా బంగారు తల్లి' అయిపోయింది. నాన్న భుజం ఎక్కిన పిల్ల మాత్రం ఎందుకు కాదంటుంది? అంతకు ముందు ఎన్నడూ ఎక్కి ఎరగదు.

జ్యోతిలక్ష్మి ఒకటి కనిపెట్టింది. ఎండలో తిరిగి తిరిగి పాదాలు కాలినప్పుడు ఆశ్రిత తల కొద్దిగా కుడివైపు వంచేది. చెవి కారేది. టెంకాయ పగిలేది. ఎత్తుకుని నీడకు తెచ్చేవాళ్లు. పిల్ల మోసం చేస్తోందని కాదు, తల వంచితే ఎండ తప్పుతుందని ఆ పాదాలకు తెలిసింది, అంతే. తల్లి ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే ఆ ఇంట్లో ఎవరు వింటారు?

పదకొండో ఏట పిల్లకు చెవిపోటు, జ్వరం వచ్చాయి. ఎన్ని చుక్కల నూనె పోసినా తగ్గలేదు. పిన్నమ్మ కూతురి పెళ్లికి చీరలు కొనాలని ఇంట్లో చెప్పి, జ్యోతిలక్ష్మి పిల్లను తీసుకుని అనంతపురం బస్సెక్కింది. చెవి డాక్టరమ్మ సన్నటి గొట్టం పెట్టి రెండు చెవులూ చూసింది. ఇనప పట్టకారులాంటి చిన్న కడ్డీ ఒకటి మోచేతికి కొట్టి మోగించి, పిల్ల చెవి ముందు పట్టుకుంది. ఆశ్రిత అడ్డంగా తల ఊపింది. అదే కడ్డీ చెవి వెనక ఎముకకు ఆనించింది. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"వినిపిస్తాండాది! మా, లోపల్నే మోగుతాండాది!" అని ఆశ్రిత తల్లిని చూసి గది అదిరేలా అరిచింది.

డాక్టరమ్మ నవ్వి తల్లికి చెప్పింది. "చూశారా? లోపలి ఇల్లు బాగుందమ్మా. వాకిలే పాడైంది. చెవిలో సన్నటి పొర ఉంటుంది, దానికి చిల్లు పడింది. శబ్దం లోపలికి పోలేకపోతోంది. పొర వేసి కుట్టేస్తే చాలావరకు వినిపిస్తుంది. ముందు కుడిచెవికి చేద్దాం, కానీ అది పూర్తిగా ఆరిపోవాలి. మూడు నెలలు ఒక్క చుక్క నీళ్లు పోకూడదు. తలకు పోసేటప్పుడు వ్యాజలీను రాసిన దూది పెట్టండి. ఈ నీళ్లు పోతూ ఉన్నన్ని రోజులూ ఈ చెవి కారుతూనే ఉంటుంది. కారినప్పుడల్లా ఆ చీము లోపలి చిన్న ఎముకలను తినేస్తుంది. అవి పోతే ఆపరేషన్ చేసినా ఫలితం సగమే."

జ్యోతిలక్ష్మి మనసులో చెంబులు లెక్కపెట్టుకుంది. ముందురోజు సాయంత్రం ఒకసారి, తెల్లవారి ఒకసారి. చెంబులు చెంబులుగా పోసిన నీళ్లే చెవిలోకి దిగి, మర్నాడు చేలో బయటికి వస్తున్నాయి. గంగమ్మను వాళ్లే పోస్తున్నారు, వాళ్లే దండం పెడుతున్నారు. మూడేళ్లుగా ఇంటిల్లిపాదీ కలిసి పిల్ల ఎముకలు కరగబెడుతున్నారు. పకపకా నవ్వాలో, గోడకు తల కొట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

తిరుగు బస్సులో ఆశ్రిత తల్లి చెయ్యి పట్టుకుని ఊపింది. "మా, ఆపరేషన్ అయితే గుసగుసలు కూడా వినిపిస్తాయా?"

"యాల, ఎవురు చెప్తారు నీకు గుసగుసలు?" అని తల్లి ఆమె చెవి దగ్గర గట్టిగా అడిగింది.

"అందుకే గదా! బళ్లో అందరూ ఒకరికొకరు చెవిలో చెప్పుకుంటారు. నాకు అరిచి చెప్పల్ల, అరిస్తే అందరికీ తెలిసిపోతాది. అందుకే నాకు ఎవురూ ఏమీ చెప్పరు. గౌతమి ఒకతుండాది లే, అది చెప్తానంటాది. నాకు చెవి వచ్చినాక చెప్తాదంట."

ఆ రోజు బస్సులో జ్యోతిలక్ష్మి గట్టిగా నిర్ణయించుకుంది. మొగుడు కాదు గదా, ఆ గంగమ్మే దిగొచ్చినా ఈ చెవిలో చుక్క నీళ్లు పోనివ్వకూడదు.

ఇంట్లో చెప్పింది. గొడవ అయింది. అత్త లక్ష్మీదేవమ్మ నోరు నొక్కుకుంది. "దేవుడు పెట్టిన బొక్క పూడుస్తారంట! ఎవురన్నా వింటే నవ్వుతారు." విష్ణువర్ధన్ కేకలేశాడు, బతిమాలాడు, రెండు పూటలు అన్నం మానేశాడు. ఆమె కదల్లేదు. "నీ కూతురి చెవులప్పా అవి. బోరుబావులు కాదు," అంది. ఆయన కండువా విదిలించుకుని తోటకు పోయాడు.

ఆ మూడు నెలలూ ఆమె యుద్ధమే చేసింది. మెడ వరకే స్నానం. వెంట్రుకలు తానే ఒళ్లో పడుకోబెట్టుకుని దూది పెట్టి కడిగేది. పాయింటు కోసం ఎవరైనా వస్తే "మైలప్పా, మా తట్టు వాళ్లు పోయినారు" అని గడప అవతల్నుంచే పంపేసేది. ఆ మూడు నెలల్లో ఆమె నోటి మాటతో చచ్చిపోయిన పెదనాన్నలకు, చిన్నమ్మలకు లెక్కలేదు. పాపం, అందరూ అప్పటికి హాయిగా రాగిసంగటి తింటూనే ఉన్నారు. చెవి ఆరింది. వాసన పోయింది. చూపించడానికి పోతే డాక్టరమ్మ మెచ్చుకుని సోమవారం రమ్మంది, చూసి ఆ వారంలోనే ఆపరేషన్ అంది. ఆశ్రిత ఈ వార్త బళ్లో అందరికీ చెప్పుకుంది.

సరిగ్గా అప్పుడే తోటలో బోరు ఆగిపోయింది.

మోటారు ఉత్తి గాలి కక్కింది. ఎండలు నిప్పులు చెరుగుతున్నాయి. చీని ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి, గోళీకాయలంత కాయలు రాలి చెట్ల కింద పరుచుకున్నాయి. ట్యాంకరుతో నీళ్లు తెచ్చి పోస్తే చెట్టుకు గొంతు తడపడానికి కూడా చాలలేదు. జ్యోతిలక్ష్మి ఆ చెట్లను మొక్కలప్పటి నుంచి ఎరుగును. బిందెతో నీళ్లు మోసి పోసిన చెట్లవి. ఒక మధ్యాహ్నం తోటలో నిలబడి ఒక కొమ్మ వంచితే పుటుక్కున విరిగింది. ఆ చప్పుడు ఆమె గుండెల్లో తగిలింది.

శనివారం పొద్దున విష్ణువర్ధన్ వచ్చి ఆమె పక్కన కూచున్నాడు. ఈసారి కేకలు లేవు.

"సోమవారం పోతారు గదా. పోండి, నేను అడ్డం రాను. ఆపరేషన్ అయితే ఇంక ఆ చెవి కారదు, మనకు ఆ దారి మూసుకుపోతాది. ఊర్లోళ్లందరికీ సూపించినాం, మన చెట్లకు సూపించుకోకపోతే ఎట్ల జ్యోతీ? మూసేముందు ఒక్కసారి. ఇదే ఆఖరు. పడినా పడకపోయినా నేనే బస్సెక్కించి పంపిస్తా."

"అదంతా ఉత్తదని నీకు చెప్పినా గదా. తలకు పోసే నీళ్లే అవి."

"ఉత్తదే అనుకో. ఉత్తదైతే పోయేదేముండాది?"

ఆమె దగ్గర జవాబు ఉంది. పోయేదేమిటో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కానీ జవాబు నోట్లోనే ఉండిపోయింది. దుమ్ము లేస్తే మంచిదే కదా అని ఆమె మనసు ఒక ఎత్తు వేసింది. సొంత తోటలోనే దుమ్ము లేస్తే ఈ పిచ్చి అందరికీ వదిలిపోతుంది, మళ్లీ ఒకడు గడప తొక్కడు. ఒక్కసారికి ఏమవుతుంది, మూడు నెలలు ఆరిన చెవి. అట్లా తనకు తాను చెప్పుకుంది. నిజం అది కాదని ఆమెకు తెలుసు. నిజమేమిటంటే, విరిగిన కొమ్మ చప్పుడు విన్న దగ్గర్నుంచి, ఏమో, ఒకవేళ ఉందేమో అని ఆమెకూ అనిపిస్తూ ఉంది.

అత్తను పోయనివ్వలేదు. పోస్తే తానే పోయాలనుకుంది. శనివారం సాయంత్రం పిల్లను పీట మీద కూచోబెట్టింది. ఆశ్రిత అలవాటుగా దూది కోసం చెయ్యి చాచింది.

"దూది పెట్టలేదు మా."

"ఈ ఒక్కసారికి ఏం కాదులే," అని ఆమె చెవి పక్కన గట్టిగా చెప్పి చెంబు ఎత్తింది.

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. కళ్లు మూసుకుని తల వంచింది.

ఆదివారం తెల్లవారి ఇంకోసారి పోసి తోటలోకి దించారు. ఊరు సగం గట్ల మీద నిలబడింది. ఆ రోజు ఆశ్రిత పాదాలు కాలినా తల వంచలేదు. ఇవి తమ చెట్లు, నాన్న చెట్లు, అమ్మ నీళ్లు మోసిన చెట్లు. వరుస వరుసా తిరిగింది, నిలబడింది, కళ్లు మూసుకుంది, మళ్లీ నడిచింది. మొహమంతా చెమట. ఎవరెంత పిలిచినా నీడకు రాలేదు. నిజంగానే వెతికింది ఆ పిల్ల. అది చూడలేక జ్యోతిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి తూర్పు గట్టు దగ్గర దానంతటదే చెవి కారింది. విష్ణువర్ధన్ టెంకాయ కొట్టాడు.

మధ్యాహ్నానికి బోరు బండి వచ్చింది. మూడు వందల అడుగుల దాకా దుమ్ము. ఐదు వందలకూ దుమ్మే. మనుషులు, చెట్లు, బండి అన్నీ తెల్లగా పిండి పూసుకున్నట్టయ్యాయి. ఆరు వందలు దాటాక గొట్టం గుడగుడమంది. బురద ఎగజిమ్మింది, దాని వెనకే నీళ్లు. మూడించుల నీళ్లు!

గట్ల మీది వాళ్లు ఈలలు వేశారు. అత్త నేల మీద పొర్లి దండం పెట్టింది. విష్ణువర్ధన్ కూతుర్ని ఎత్తి భుజాల మీద కూచోబెట్టుకుని ఆ నీళ్ల కిందికి పరిగెత్తాడు. జ్యోతిలక్ష్మి ఏం చేసిందంటే, మోకాళ్ల మీద కూలబడి ఆ బురదనీళ్లు దోసిట పట్టి కళ్లకద్దుకుంది. ఆనందంతో గొంతెత్తి ఏడ్చింది. అబద్ధమెందుకు, ఆ కాసేపు పిల్ల చెవి ఆమెకు జ్ఞాపకమే లేదు. తండ్రీకూతుళ్లు తలల నిండా తడుస్తుంటే చూసి నవ్వింది కూడా.

సోమవారం పొద్దున దుప్పటి మీద పసుపుపచ్చటి మరక ఉంది. పాత వాసన తిరిగి వచ్చింది. విష్ణువర్ధన్ మాట తప్పలేదు, తానే బస్సెక్కించాడు. కిటికీ దగ్గరికొచ్చి మాత్రం అన్నాడు: "ఈశ్వరప్ప మామ రాయదుర్గం నుంచి ఫోన్ చేసినాడు. మన బోరు సంగతి అంతవరకూ పోయిండాది. ఆపరేషన్‌కు ఇంకా తేదీ ఇయ్యకపోతే, వాళ్లకు ఒక్క పాయింటు..." ఆమె అవుననలేదు, కాదనీ అనలేదు. బస్సు కదిలింది.

డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసింది. దూదితో లాగి చూసింది, లైటు మార్చి మళ్లీ చూసింది. మొహం ఎర్రబడింది.

"నీళ్లు పోయాయి. ఒక చుక్క కాదు, బాగా పోయాయి. పోయిన వారం ఎంత బాగుండింది ఈ చెవి! ఇప్పుడు కత్తి పెట్టలేను, మళ్లీ మూడు నెలలు మొదటి నుంచీ ఆరబెట్టాలి. లోపల ఒక ఎముక కొస కరిగినట్టు కనిపిస్తోంది. అసలు ఎట్లా పోయాయమ్మా నీళ్లు?"

జ్యోతిలక్ష్మి చెప్పాలనే నోరు తెరిచింది. ఈ చేత్తోనే పోశానమ్మా, దూది తీసి మరీ పోశాను, ఈ చెయ్యి నరికినా పాపం లేదు అనాలనుకుంది.

ఆశ్రిత ముందుకు జరిగింది. డాక్టరమ్మ మొహం చూస్తే పిల్లకు విషయం అర్థమైంది.

"నేనే పోసుకున్న్యా మేడమ్. అమ్మ వద్దన్న్యాది. బోరు నీళ్లలో ఆడుకున్న్యా," అంది.

డాక్టరమ్మ పిల్ల వైపు తిరిగింది. వినిపించాలి కదా, గొంతు పెంచి తిట్టింది. బయట వరుసలో కూచున్నవాళ్లంతా తలుపు వైపు తలలు తిప్పారు. ఇంత పెద్దదానివయ్యావు, బుద్ధి లేదా? మీ అమ్మ బస్సులు పట్టుకుని ఎంత కష్టపడి తిప్పుతోంది నిన్ను? వినాలని నీకే లేకపోతే మేమేం చేస్తాం? ఆశ్రిత తల వంచుకుని నిలబడింది. బుగ్గల మీద నీళ్లు జారుతున్నా తుడుచుకోలేదు. అన్నిటికీ అవునన్నట్టు తల ఊపింది.

తిట్టడం అయ్యాక డాక్టరమ్మ, "మీరైనా కనిపెట్టుకుని ఉండొద్దా అమ్మా?" అంది.

"ఏం చేసేది మేడమ్," అంది జ్యోతిలక్ష్మి. "ఎన్నిసార్లు చెప్పినా భయం లేదు దీనికి."

ఏళ్ల తరబడి కూతురితో మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు పెద్దదైపోయింది, తగ్గించి మాట్లాడటం ఎప్పుడో మరిచిపోయింది. ఆ మాట ఆశ్రితకు బాగానే వినిపించింది.